దోషాన్వేషణ ద్వారా ప్రోగ్రామింగ్ అభ్యసన: బైనరీ సెర్చ్ ఒక ఉదాహరణ

ప్రోగ్రామింగ్ బోధనలో విద్యార్థిచేత కొత్త ప్రోగ్రామును రాయించడానికే అధిక ప్రాధాన్యం లభిస్తున్నది. దోషమున్న ప్రోగ్రామును చేతికిచ్చి, అది ఎక్కడ, ఎందుకు విఫలమవుతున్నదో చెప్పమనడం అరుదు. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో ల్యాబ్ రికార్డు నిండా సరైన ప్రోగ్రాములే ఉంటాయి; వాటిని చూసి రాసినవారికి తప్పుతో పరిచయమే కలగదు. ప్రోగ్రాము రాసేటప్పుడు విద్యార్థి దృష్టి తన ఉద్దేశంపై ఉంటుంది. దోషాన్ని వెతికేటప్పుడు మాత్రం కోడ్ వాస్తవంగా ఏమి చేస్తున్నదో చదవక తప్పదు.

ఆరోహణ క్రమంలో ఉన్న జాబితాలో ఒక విలువను వెతికే బైనరీ సెర్చ్‌ను పరిశీలించవచ్చు. మధ్యస్థానంలోని విలువ కావలసినదానికంటే చిన్నదైతే, దిగువ హద్దును మధ్యస్థానం తరువాతి స్థానానికి జరపాలి. సమస్యగా ఇచ్చే ప్రోగ్రాములో దానిని మధ్యస్థానం వద్దనే నిలిపారనుకుందాం. 3, 7, 9 అనే జాబితాలో 7ను వెతికితే వెంటనే దొరుకుతుంది. 3 కూడా దొరుకుతుంది. 9ని వెతికితే ప్రోగ్రాము ఎన్నటికీ ఆగదు. దిగువ హద్దు 1, ఎగువ హద్దు 2 అయినపుడు మధ్యస్థానం మళ్ళీ 1 గానే వస్తుంది, హద్దులు కదలవు.

ఇక్కడ చాలామంది ఎక్కడో ఒకచోట ఒకటి కలిపి చూస్తారు, ప్రోగ్రాము పనిచేస్తుంది, సమస్య ముగిసిందనుకుంటారు. అది అభ్యసనం కాదు, అదృష్టం. కోడ్‌ను ముట్టుకోకముందే, విఫలమయ్యే అతి చిన్న జాబితాను చెప్పమని అడగడం మేలు. 3 ఒక్కటే ఉన్న జాబితాలో 7ను వెతికినా ప్రోగ్రాము ఆగదని కాగితంపై హద్దులు రాసుకొని కనుగొన్నవారికి, దోషం ఏ పంక్తిలో ఉన్నదో వేరుగా చెప్పనవసరం లేదు.

ఇటువంటి దోషాలు ఆరంభకులకే పరిమితం కావు. జాన్ బెంట్లీ 1986 నాటి 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' గ్రంథంలో బైనరీ సెర్చ్ సరైనదని తర్కబద్ధంగా నిరూపించాడు. అయినా అందులోను, జాషువా బ్లాక్ జావా గ్రంథాలయానికి రాసిన రూపంలోను ఒకే దోషం ఉన్నట్లు బ్లాక్ స్వయంగా 2006లో వెల్లడించాడు. జావాలో అది దాదాపు తొమ్మిదేళ్ళు మరుగున ఉన్నది. రెండు హద్దులను కూడి రెండుతో భాగించే పంక్తియే దానికి మూలం. గణితంలో ఆ పంక్తికి లోపం లేదు; కానీ జావాలో 32 బిట్ల పూర్ణాంకం 2,147,483,647ను మించలేదు. మొత్తం అంతకు మించితే రుణసంఖ్యగా మారుతుంది.

దీనిని తరగతిలో చూపడానికి 107 కోట్లకు పైబడిన జాబితాను నిర్మించనక్కరలేదు. హద్దులు 150 కోట్లు, 200 కోట్లు అని ఇచ్చి మధ్యస్థానం లెక్కించమంటే జావా –397,483,648 అని సమాధానమిస్తుంది. ఎగువ హద్దు నుండి దిగువ హద్దును తీసివేసి, అందులో సగాన్ని దిగువ హద్దుకు కలిపితే 175 కోట్లు వస్తుంది. పైథాన్ పూర్ణాంకాలకు ఇటువంటి పరిమితి లేదు గనుక, ఈ సమస్యను ఆ భాషలో ఇస్తే దోషం బయటపడదు.