విదేశంలో ఉన్న అన్నయ్య స్థలం అమ్మితే...

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుండి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళిన అన్నయ్యలు మనలో చాలామందికి ఉన్నారు. అక్కడ కూడబెట్టిన డబ్బుతో ఊళ్ళో సైటు కొంటారు. దుబాయ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు గనుక ఇక్కడా ఉండదనుకుంటాం. అది పొరపాటు. ఆస్తి ఇక్కడుంటే దానిమీద వచ్చే ఆదాయానికి పన్ను కూడా ఇక్కడే.

ఎన్నారై అయినవారు ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు. పొలం, జీడితోట కొనకూడదు; తండ్రి నుండి వస్తే ఉంచుకోవచ్చు. ఇల్లు అద్దెకిస్తే, అద్దెకున్నవారే 31.2 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అలా కట్టిన అద్దెదారుని మన పక్క మేమైతే చూడలేదు!

అసలు చిక్కు అమ్మకంలో ఉంది. 15 లక్షలకు కొన్న స్థలాన్ని రెండేళ్ళు దాటాక 20 లక్షలకు అమ్మారనుకుందాం. 2024 జూలై 23 నుండి లాభం మీద పన్ను 12.5 శాతం, సెస్సుతో 13. అంటే 5 లక్షల లాభానికి 65,000 రూపాయలు. కాని కొనేవారు సాధారణంగా మొత్తం ధర మీద 2,60,000 కోసేస్తారు. మిగతా 1,95,000 రిటర్ను వేశాకే తిరిగి వస్తుంది. చెల్లి పెళ్ళికని అమ్మితే, పెళ్ళినాటికి ఆ డబ్బు చేతిలో ఉండదు. ఊళ్ళో ఉన్నవారు అమ్మితే 50 లక్షల లోపు ఈ కోత లేదు, అందుకే పెద్దలకు ఇది తట్టదు.

కనుక బేరం కుదిరిన వెంటనే, రిజిస్ట్రేషనుకు ముందే, పాన్ కార్డు, పాత దస్తావేజు చూపి తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుండి సర్టిఫికెట్ తీసుకోవాలి. పల్లెలోని సాగుభూమి అమ్మితే మాత్రం ఈ లాభపు పన్ను లేదు.