టర్బో దగ్గర ఆయిల్ కారుతోందా? సీలు మార్చే ముందు ఈ నాలుగు చోట్ల చూడండి



మనం ఇక్కడ ఎప్పుడూ జీవామృతం, ఆచ్ఛాదన, దేశీ విత్తనాల గురించి మాట్లాడుకుంటాం కదా, ఈరోజు ట్రాక్టర్ టర్బో గోల ఏంటి అనుకోకండి. ఆచ్ఛాదనకి గడ్డి కావాలి. గడ్డి తగలబెట్టకుండా కట్టలు కట్టాలంటే బేలర్ తిరగాలి. బేలర్ తిరగాలంటే ట్రాక్టర్ బాగుండాలి. పోయిన దాళ్వా కోతల తర్వాత నేను తెలియక 22 వేలు పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను. విప్పిన టర్బో లోపల ఎలా ఉంటుందో పైన వీడియోలో ఉంది. ఎందుకలా ఉంటుందో ఇక్కడ చదవండి.

అసలేం జరిగింది?

మాది టర్బో ఉన్న ట్రాక్టర్. సార్వా పనులయ్యాక రెండు నెలలు షెడ్డులోనే ఉంది. దాళ్వా గడ్డి కట్టలకి బయటకి తీశాం. మూడో రోజుకి సైలెన్సర్‌లోంచి నీలం పొగ. టర్బో నుంచి ఇంజనుకి గాలి వెళ్లే హోస్ పైపు కింద ఆయిల్ చెమ్మ. రసాయనం చుక్క వేయని చేలో, చక్రాల సందున ఇంజనాయిల్ చుక్కలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది.

మెకానిక్ వచ్చి చూసి "టర్బో సీలు పోయింది, లోపలి కోర్ మార్చాలి" అన్నాడు. మార్చాం. మా డ్రైవర్ కుర్రాణ్ని నలుగురిలో తిట్టాను కూడా, "నువ్వు ఊరికే రేజ్ చేసి ఆపేస్తావు, అందుకే పోయింది" అని. వాడు ఏమీ అనలేదు. ఎనిమిది రోజులకి కొత్త కోర్ కూడా ఆయిల్ కక్కింది.

అప్పుడు పక్క ఊరి నుంచి లారీ ఇంజన్లు చేసే పెద్దాయనని తీసుకొచ్చాం. ఆయన టర్బో మీద చెయ్యే వేయలేదు. ముందు ఆయిల్ గేజు కడ్డీ తీసి చూశారు. దాని మూతి చుట్టూ ఆయిల్ చిమ్మి ఉంది. అది నేను రోజూ చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. తర్వాత కింద పడుకుని బ్రీదర్ పైపు చివర ఇనుప చువ్వ పెట్టి గీకారు. మట్టి ముద్ద ఊడి పడింది. కందిరీగ గూడు! బండి ఖాళీగా ఉన్న రెండు నెలల్లో కట్టేసింది. పైపు శుభ్రం చేశాం, గాలి పైపుల్లో నిలిచిన ఆయిల్ తుడిచాం, బండి స్టార్ట్ చేశాం. కాసేపటికి పొగ తగ్గింది. కారడం ఆగింది.

మరి కందిరీగ గూడుకీ టర్బో సీలుకీ ఏంటి సంబంధం? అది అర్థం కావాలంటే ఆ సీలు ఎలా పనిచేస్తుందో తెలియాలి. నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసినప్పుడు ఇంజను పాఠం చదివాను గానీ, ఇంత వివరంగా మాకెవరూ చెప్పలేదు.

టర్బో అంటే ఏంటి?

ఒకే షాఫ్ట్‌కి రెండు చివర్లా రెండు చిన్న చక్రాలు. ఒక చక్రాన్ని ఇంజను వదిలే పొగ తిప్పుతుంది. దాంతోపాటు రెండో చక్రం తిరిగి, బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ డీజిల్ పూర్తిగా మండుతుంది, బలం వస్తుంది. వృథాగా పోయే పొగతో పని చేయించుకోవాలన్న ఈ ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నారు.

రెండు చక్రాల మధ్యలో బేరింగులు ఉంటాయి. ఇవి బాల్ బేరింగుల్లాంటివి కావు. మన ట్రాక్టర్ టర్బోల్లో ఎక్కువగా ఉండేవి బుష్ బేరింగులు. షాఫ్ట్ వాటిలో ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్ ఇంజను పంపు నుంచి ప్రెషర్‌తో వస్తుంది, పని అయ్యాక కింద లావు పైపు గుండా ఛాంబర్‌లోకి జారిపోతుంది. అంటే నడి గదిలో ఆయిల్, ఒక పక్క నిప్పులాంటి పొగ, ఇంకో పక్క శుభ్రమైన గాలి. ఈ మూడూ కలవకుండా చూడాలి. షాఫ్ట్ మాత్రం మూడు గదుల్లోంచీ వెళ్లాలి. సీలు పని అదే.

రబ్బరు సీలు ఎందుకు పెట్టరు?

రోటవేటర్ గేర్ బాక్స్‌కి ఉండే రబ్బరు ఆయిల్ సీలు మనందరికీ తెలుసు. దాని పెదవి షాఫ్ట్‌ని అంటుకుని ఉంటుంది. టర్బోలో అది ఎందుకు కుదరదో చిన్న లెక్క వేద్దాం. పీటీఓ 540 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. సీలు దగ్గర షాఫ్ట్ 35 మిల్లీమీటర్లు అనుకుంటే, రబ్బరు కింద ఇనుము సెకనుకి సుమారు ఒక మీటరు జారుతుంది. టర్బో షాఫ్ట్ లక్ష ఆర్‌పీఎంతో తిరుగుతుంది, చిన్న టర్బోలైతే రెండు లక్షలు కూడా దాటతాయి. సీలు దగ్గర 12 మిల్లీమీటర్ల షాఫ్ట్ అనుకున్నా సెకనుకి 63 మీటర్లు, అంటే గంటకి 225 కిలోమీటర్లకి పైమాటే. పైగా పొగ వైపు వేడి వందల డిగ్రీలు. రబ్బరు నిమిషం కూడా ఆగదు.

అందుకే టర్బోలో పిస్టన్ రింగు లాంటి చిన్న ఇనుప రింగు పెడతారు. చంటిపిల్ల వేలి ఉంగరమంత ఉంటుంది. ఒక్కోవైపు ఒకటి, కొన్ని టర్బోల్లో రెండు. షాఫ్ట్ మీద గాడి ఉంటుంది, రింగు ఆ గాడిలో కూర్చుంటుంది. కానీ రింగు షాఫ్ట్‌తో తిరగదు. అది స్ప్రింగులా విచ్చుకుని బయటి గోడని పట్టుకుని కదలకుండా ఉంటుంది. షాఫ్ట్ మాత్రమే తిరుగుతుంది. గాడికీ రింగుకీ మధ్య వెంట్రుకంత సందు ఎప్పుడూ ఉంటుంది. ఆ సందులోంచి పోవాలంటే వంకర దారిలో మలుపులు తిరిగి పోవాలి. ఆ మలుపులే అడ్డు. రింగుకి ముందు షాఫ్ట్ మీద ఒక పళ్లెం లాంటి భాగం కూడా ఉంటుంది. అది తిరుగుతూ, సీలు దాకా వచ్చే ఆయిల్‌ని దూరంగా చిమ్మేస్తుంది.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. టర్బో సీలు బిరడా కాదు. సందు ఉన్న సీలు. ఆయిల్‌ని ఆపేది రింగు ఒక్కటే కాదు, రెండు పక్కలా ఉండే ప్రెషర్ తేడా.

గట్టులో ఎండ్రకాయ బొరియ

మన భాషలో చెప్పుకుందాం. రెండు మళ్ల మధ్య గట్టు, గట్టులో ఎండ్రకాయ బొరియ. మీద మడిలో నీళ్లు ఎత్తుగా ఉంటే, అక్కడి నుంచి కింది మడిలోకి కాస్త కాస్త దిగుతాయి. కింది మడి నీళ్లు పైకి రావు. బొరియ ఉన్నా ఇబ్బంది లేదు.

టర్బోలో మీద మడి అంటే చక్రాల వైపు. పని చేసేటప్పుడు ఒత్తిన గాలి, పొగ ప్రెషర్‌తో ఉంటాయి. కింది మడి అంటే నడిమి ఆయిల్ గది. అక్కడ ప్రెషర్ తక్కువ. అందుకే కొద్దిగా గాలి, పొగ ఆయిల్ గదిలోకి వస్తాయి గానీ, ఆయిల్ బయటకి పోదు. వచ్చిన ఆ కొద్ది గాలీ ఆయిల్‌తోపాటు ఛాంబర్‌లోకి దిగి, బ్రీదర్ గుండా బయటకి పోతుంది.

ఇప్పుడు కింది మడికి మురుగు బోదె పూడిపోయిందనుకోండి. నీళ్లు పోవడానికి దారి లేదు. మట్టం పెరిగి, అదే బొరియలోంచి మీద మడిలోకి ఎదురు తన్నుతుంది. మా బండికి జరిగింది సరిగ్గా ఇదే. బ్రీదర్ మూసుకుంది, ఛాంబర్‌లో గాలి నిండింది, టర్బో ఆయిల్ కిందికి జారలేక నడి గదిలో నిలిచి, సీలు సందులోంచి బయటపడింది. మనం బోదె తవ్వకుండా గట్టు మార్చాం!

కోర్ విప్పకముందు చూడాల్సిన నాలుగు చోట్లు

1. ఆయిల్ మట్టం. బండి సమంగా ఉన్నచోట, ఇంజను ఆపి కాసేపయ్యాక గేజు చూడండి. పై గీత దాటి పోస్తే, రిటర్న్ ఆయిల్ దిగడానికి ఇబ్బంది పడుతుంది. "కొంచెం ఎక్కువుంటే మంచిదే" అనేది తప్పు.

2. ఎయిర్ ఫిల్టర్. బేలర్, రోటవేటర్, నూర్పిడి పనుల్లో దుమ్ముతో త్వరగా మూసుకుంటుంది. అప్పుడు టర్బో గాలిని గట్టిగా పీల్చాలి. గాలి చక్రం వెనక ప్రెషర్ పడిపోతే సీలు సందులోంచి ఆయిల్‌ని లాగేస్తుంది. అంటే మీద మడి ఎండిపోయినట్టు. ఫిల్టర్ తర్వాత ఉన్న హోస్ పైపు, క్లిప్పులు కూడా చూడండి. అక్కడ చిన్న చిరుగున్నా దుమ్ము నేరుగా చక్రం రెక్కల్ని కోస్తుంది. రెక్కలు అరిగితే షాఫ్ట్ ఊగుతుంది, షాఫ్ట్ ఊగితే రింగు గాడి అరుగుతుంది. అప్పుడు సీలు నిజంగానే పోతుంది.

3. బ్రీదర్. పైపు చివర మట్టి, గూడు, ఆయిల్ మడ్డి, మడత ఏమైనా ఉందా చూడండి. గేజు కడ్డీ మూతి చుట్టూ ఆయిల్ చిమ్మి ఉంటే ఛాంబర్‌లో ప్రెషర్ ఉందని అనుమానించండి. బ్రీదర్ బాగున్నా ప్రెషర్ తగ్గకపోతే పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు, అది మెకానిక్ చూడాల్సిన పని.

4. టర్బో ఆయిల్ రిటర్న్ పైపు. ఆయిల్ ఇందులో ప్రెషర్‌తో పోదు, తన బరువుతోనే జారాలి. అందుకే ఇది లావుగా, పల్లానికి, మడతా వంపూ లేకుండా ఉండాలి. లోపల ఆయిల్ మాడి బొగ్గులా పేరుకుంటే దారి సన్నబడుతుంది. ఇక్కడ గాస్కెట్ పేస్ట్ పూయనివ్వకండి. లోపలికి పొంగిన పేస్ట్ దారికి అడ్డం పడుతుంది. ఆయిల్ వచ్చే సన్న పైపు దగ్గర పూస్తే ముక్క ఊడి, బేరింగుకి ఆయిలే అందదు.

ఈ నాలుగూ బాగుంటే అప్పుడు షాఫ్ట్ చూడండి. ఇంజను పూర్తిగా చల్లారాక, తాళం చెవి జేబులో పెట్టుకుని, గాలి పైపు తీసి చక్రాన్ని వేళ్లతో కదపండి. పక్కలకి కొద్దిగా కదలడం మామూలే, అది ఆయిల్ పొర ఉండాల్సిన సందు. ముందుకీ వెనక్కీ మాత్రం కదులుతున్నట్టు తెలియకూడదు. చక్రం గోడకి రాసుకున్నా, రెక్కలు చిట్లినా కోర్ మార్చాల్సిందే. కొత్తది బిగించేటప్పుడు ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఇంజనాయిల్ పోసి, చక్రం చేత్తో తిప్పాకే స్టార్ట్ చేయమని అడగండి.

రోజూ పాటించాల్సినవి

స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయొద్దు. అర నిమిషం, ఒక నిమిషం ఆగితే ఆయిల్ టర్బోకి చేరుతుంది. బరువు పని చేశాక ఠక్కున ఆపొద్దు. రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచండి. లేకపోతే పొగ వైపు వేడికి నిలిచిన ఆయిల్ మాడి, రింగు గాడిలో బొగ్గు కడుతుంది. అలాగని గంటలకొద్దీ స్లోలో వదిలేయొద్దు. స్లోలో చక్రాల వైపు ప్రెషర్ ఉండదు కాబట్టి ఆయిల్ చెమ్మ బయటపడొచ్చు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ గంటల లెక్క ప్రకారం మార్చండి. తీసిన పాత ఆయిల్ గట్టు మీద పారబోయకండి, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. టర్బో ఆయిల్ బాగా కక్కుతుంటే బండి నడపొద్దు. ఆ ఆయిల్‌నే ఇంజను డీజిల్‌లా మండించుకుని దానంతట అదే రేజ్ అయిపోవచ్చు. అప్పుడు తాళం తీసినా, డీజిల్ ఆపినా ఆగదు. గాలి రాకుండా చేస్తేనే ఆగుతుంది. దగ్గరికి వెళ్లడం క్షేమంగా ఉంటేనే గాలి లోపలికి పోయే నోటికి చెక్క పలక అడ్డం పెట్టాలి. చెయ్యి, గుడ్డ పెట్టకూడదు, లాగేసుకుంటుంది. దగ్గరికి పోలేకపోతే మనుషుల్ని దూరంగా పంపేయండి. ఇంజను పోయినా పర్వాలేదు.

చివరిగా

పెద్దాయన మా పాత కోర్‌ని విప్పి చూపించారు. రింగు బాగుంది, గాడి బాగుంది, షాఫ్ట్‌లో ఊగుడు లేదు. బాగున్నదాన్ని తీసి పక్కన పడేసి 22 వేలు కట్టాను. ఆ డబ్బు ఎలాగో వస్తుంది. కానీ ఆ సాయంత్రం మా కుర్రాడి దగ్గరికి వెళ్లి "తప్పు నాదేరా తమ్ముడూ, నీది కాదు" అని అదే నలుగురి ముందు చెప్పాను. వాడు నవ్వి, "అన్నా, గేజు దగ్గర ఆయిల్ చిమ్ముతోందని నేను మొదటి రోజే చెప్పాను కదా" అన్నాడు. నిజమే, చెప్పాడు. నేనే వినలేదు.

ఇప్పుడు మా షెడ్డులో బండి పెట్టే ప్రతిసారీ బ్రీదర్ చివర సన్న జాలీ కట్టి, పైన గుర్తుగా ఎర్ర గుడ్డ వేలాడదీస్తున్నాం. తీసేటప్పుడు రెండూ విప్పి స్టార్ట్ చేయడం వాడి పని. ఈ విషయం బేలర్, హార్వెస్టర్ నడిపే మీ ఊరి వాళ్లకి కూడా చెప్పండి.