చిలెంతో తీరం: అపోహలు – వాస్తవాలు

ఇటలీలో సముద్రం చూడాలంటే మనవాళ్లు ముందు అమాల్ఫీ పేరే చెబుతారు. ఆ తీరం దాటి ఇంకాస్త దక్షిణానికి వెళ్తే, అదే సలెర్నో జిల్లాలో, చిలెంతో అనే కొండసీమ ఉంది. అగ్రోపోలి, కస్తెల్లాబాతే, అచ్చరోలి, పియొప్పి లాంటి చిన్న ఊళ్లు, వాటి వెనకే కొండలు. ఆ కొండలు జాతీయ పార్కు. పేస్తుం, వేలియా శిథిలాలతో కలిపి 1998లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా మన యాత్రికులు దీన్ని దాటేసి పోతున్నారు. అందుకు కొన్ని అపోహలే కారణం.

అపోహ: గ్రీకు ఆలయాలు చూడాలంటే గ్రీసుకే వెళ్లాలి.

పేస్తుంలో మూడు డోరిక్ ఆలయాలు స్తంభాలతో సహా నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా పాతది క్రీ.పూ. 550 ప్రాంతంలో కట్టింది, అంటే ఏథెన్స్ పార్థినాన్‌కు దాదాపు వందేళ్ల ముందు. క్రీ.పూ. 600 ప్రాంతంలో గ్రీకు వలసదారులు ఈ నగరాన్ని స్థాపించి పొసైడోనియా అన్నారు, క్రీ.పూ. 273లో రోమన్ల చేతికొచ్చాక పేస్తుం అయింది. ఆలయాల పేర్లలోనూ ఒక పాత అపోహ దాగి ఉంది. మొదటిదాన్ని 18వ శతాబ్దపు పండితులు సభాభవనం అనుకుని ‘బసిలికా’ అన్నారు. నిజానికి అది హేరా దేవి గుడి. నగరం పేరును బట్టి పెద్ద ఆలయం సముద్రదేవుడిదే అనుకుని ‘నెప్ట్యూన్ ఆలయం’ అన్నారు. అది ఏ దేవుడిదో ఇప్పటికీ వాదన నడుస్తోంది. పక్కనున్న మ్యూజియాన్ని వదిలెయ్యకండి. నీళ్లలోకి దూకుతున్న మనిషి బొమ్మ గీసిన సమాధి పలక అక్కడుంది. 1968లో బయటపడిన ఆ ఒక్క బొమ్మ కోసమైనా వెళ్లాలి.

అపోహ: తీరప్రాంతపు ఊరంటే అలల పక్కనే పుట్టిన ఊరు.

ఇక్కడ సముద్రమంటే శతాబ్దాల పాటు భయం. ఓడల మీద దోపిడీదారులు వచ్చేవారు. పల్లపు బురదనేలల్లో మలేరియా. పేస్తుం జనం చివరికి ఊరు విడిచి కొండెక్కారు. కస్తెల్లాబాతే కూడా 1123లో కొండమీద కట్టడం మొదలైన కోట చుట్టూ పెరిగిన ఊరే. కింద తీరాన ఉన్న వాడ సాంతా మరియా. బస కింద చేసినా సాయంత్రం పైకెళ్లి ఆ ఇరుకు రాతి సందుల్లో నడిస్తేనే ఈ సీమ చరిత్ర అర్థమవుతుంది.

అపోహ: మెడిటరేనియన్ ఆహారం అంటే పిజ్జా, చీజ్.

ఆ ఆహారాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ పియొప్పిలో ఏళ్ల తరబడి నివసించారు, నూరేళ్లు బతికారు. ఆయన ఇక్కడ గమనించింది పేదవాళ్ల భోజనాన్ని: శనగలు, చిక్కుడు గింజలు, ఆకుకూరలు, ఆలివ్ నూనె, అంజీర పండ్లు, కాసిన్ని చేపలు. మాంసం అరుదు. మన పప్పు, ఆకుకూరలకు అలవాటుపడ్డ నాలుకకు ఇది కొత్తేమీ కాదు. శాకాహారులు మాత్రం రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి: కూరల్లో ఆంకోవీ చేప కలిపారా, చీజ్‌ను దేనితో విరిచారు. పర్మేసాన్‌కు, ఇక్కడి ప్రసిద్ధ గేదెపాల మొజరెల్లాకు సంప్రదాయంగా దూడ పొట్ట నుంచి తీసే రెనెట్ వాడతారు.

అపోహ: బీచ్‌లో కాలు పెట్టాలంటే డబ్బు కట్టాలి.

గొడుగులు, కుర్చీలు వరసగా వేసిన చోట కట్టాలి. తీరం ప్రభుత్వానిది, ‘స్పియాజ్జా లిబెరా’ అన్న బోర్డు ఉన్నచోట తువ్వాలు పరుచుకుని కూర్చోవచ్చు.

అపోహ: ఆగస్టే మంచి సీజన్.

ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండుగ. ఆ వారాల్లో ఇటలీ వాళ్లే తీరాలకు తరలివస్తారు. గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. జూన్ గానీ సెప్టెంబర్ గానీ ఎంచుకోండి. సెప్టెంబర్‌లో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి.

అపోహ: కారు లేకపోతే కదలలేం.

ఇది సగమే నిజం. నేపుల్స్ నుంచి వచ్చే రైళ్లు పేస్తుం, అగ్రోపోలి, అషేయాల్లో ఆగుతాయి. పేస్తుం స్టేషన్ నుంచి ఆలయాలకు నడిచే వెళ్లొచ్చు. అషేయాకు దగ్గర్లోనే వేలియా ఉంది; అఖిలిస్‌కూ తాబేలుకూ పందెం పెట్టిన తత్వవేత్త జీనోది ఆ ఊరే. కొండ ఊళ్లకు మాత్రం బస్సులు తక్కువ. కారు అద్దెకు తీసుకునేట్టయితే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి; దాన్ని బయల్దేరకముందే మన ఆర్టీవో ఆఫీసులో తీసుకోవాలి.