ఫైలు మూస్తే... పని మొదలు!

సాయంత్రం దుకాణం కట్టేసే ముందు ఏం చేస్తాం? గల్లా లెక్క చూసుకుంటాం. తాళం వేసి ఓసారి లాగి చూస్తాం. గద్వాలలో చీరలు అమ్మేవారికైనా, వనపర్తి, నాగర్‌కర్నూలులో పల్లీలు కొనేవారికైనా ఇది అలవాటే. లెక్కలు ఎక్సెల్‌లోకి మారాక మాత్రం... ఆ చివరి పనే మరచిపోతుంటాం!

దాన్ని కంప్యూటరుకే అప్పగించవచ్చు. వరసగా చేయాల్సిన పనుల్ని రాసిపెట్టే చిన్న ప్రోగ్రామే మాక్రో. ఎక్సెల్‌లో ఆల్ట్, ఎఫ్11 మీటలు కలిపి నొక్కి, 'దిస్ వర్క్‌బుక్'లో 'బిఫోర్ క్లోజ్' కింద రాస్తే చాలు. ఫైలు మూయబోతే అదే తేదీ వేస్తుంది, మొత్తం కూడుతుంది, పెన్‌డ్రైవ్‌లో నకలు దాస్తుంది. బాకీ గడి ఖాళీగా ఉంటే అసలు మూయనివ్వకుండా కూడా చేయొచ్చు!

ఒక్క మెలిక. 'సేవ్ చేయాలా?' అని అడగకముందే మాక్రో పని అయిపోతుంది. అప్పుడు మీరు 'వద్దు' అంటే వేసిన తేదీ, కూడిన మొత్తం పోతాయి. అందుకే చివర్లో సేవ్ ఆదేశమూ రాయాలి. ఫైలును 'ఎక్స్ఎల్ఎస్ఎమ్' రకంగా దాచాలి. కరెంటు పోయి కంప్యూటర్ ఆగితే మాత్రం మాక్రో నడవదు.

ముప్పూ ఉంది. 1999లో మెలిస్సా వైరస్ వర్డ్ మాక్రోగానే ఈమెయిళ్లలో పాకింది. ఇంటర్నెట్ నుంచి వచ్చే ఫైళ్లలో మాక్రోలను 2022లో మైక్రోసాఫ్ట్ ఆపడం మొదలుపెట్టింది. తెలియని ఫైలు అనుమతి అడిగితే ఇవ్వకండి. దుకాణం తాళంచెవి ఎవరికి పడితే వారికి ఇస్తామా?