లవకుశులు ఏ పుస్తకంలో ఉన్నారు?

టీవీ రామాయణం చూసి పుస్తకాల దాకా వెళ్లిన సరిహద్దు ఊళ్ల ముచ్చట

బేతమంగళ: ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. టీవీ ముందు అగరొత్తులు. చెప్పులన్నీ గడప అవతలే. పెద్దవాళ్లు చాపల మీద, పిల్లలు వాళ్ల ఒళ్లో, చోటు దొరకని వాళ్లు కిటికీ దగ్గర. ఒకరు మిద్దె మీద యాంటెన్నా పట్టుకుని 'వచ్చిందా... వచ్చిందా' అని కేక. కింద నుంచి 'ఆ... అట్లే పట్టుకో' అని బదులు. ముప్పావు గంటకు బొమ్మ ఆగిపోయేది. మాట మాత్రం ఆగేది కాదు. టీ అంగడి దగ్గర, చెరువు కట్ట మీద, బస్సు కోసం నిలబడిన చోట మళ్లీ మొదలు. 'ఇది మన రామాయణంలో ఉండాదా? లేదా?'

దూరదర్శన్‌లో రామానంద సాగర్ 'రామాయణ్' 1987 జనవరి 25న మొదలైంది. 78 భాగాలు నడిచి 1988 జులై 31న ముగిసింది. అరుణ్ గోవిల్ రాముడు, దీపిక సీత, సునీల్ లహరి లక్ష్మణుడు, దారాసింగ్ హనుమంతుడు, అరవింద్ త్రివేది రావణుడు. దేశమంతా వీధులు ఖాళీ అయిన ఆ ఆదివారాల కథ చాలామంది రాశారు. అయితే మన వైపు జరిగింది ఇంకొకటి ఉంది. ఇక్కడ జనం సీరియల్ చూసి ఊరుకోలేదు. సీరియల్ వెనుక ఉన్న పుస్తకం ఏదని తగవులాడుకున్నారు.

హిందీ రాదు... కథ వచ్చు!

బేతమంగళ మూడు భాషల కూడలి. ఇంట్లో తెలుగు. బడిలో, తాలూకా ఆఫీసులో కన్నడం. పక్కనే బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు పోతే తమిళం. పాలారు మీది బేతమంగళ చెరువు నీళ్లు గనుల కాలనీలకు పోయినట్టే, మాటలు కూడా అటూ ఇటూ పారుతూనే ఉంటాయి. ఇన్ని భాషలున్నా హిందీ వచ్చినవాళ్లు అప్పట్లో ఊరికి ఏ నలుగురో. సీరియల్ వచ్చిందేమో హిందీలో!

అయినా ఎవరికీ అడ్డం రాలేదు. ఎందుకంటే కథ ముందే తెలుసు. భజన మందిరంలో విన్నారు. తోలుబొమ్మలాటలో చూశారు. హార్మోనియం పెట్టి రాత్రంతా ఆడే నాటకాల్లో పద్యాలు కంఠతా పట్టారు. ఎన్టీఆర్, అంజలీదేవి 'లవకుశ' 1963లో వచ్చింది మొదలు టూరింగు టాకీసుల్లో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కే లేదు. అందుకే తెర మీద దశరథుడు ఏం మాట్లాడుతున్నాడో అర్థం కాకపోయినా, ఎందుకు ఏడుస్తున్నాడో అవ్వలకు తెలుసు. హిందీ వచ్చిన మనవడు చెప్పబోతే 'నువ్వు ఊరుకోరా అబ్బోడా, నాకు తెలీని కతనా' అని గదమాయించడమే.

తెలిసిన కథ కాబట్టే తేడా వచ్చినచోట ఠక్కున పట్టేసుకున్నారు.

గీత ఎవరు గీశారు?

మొదటి తగవు లక్ష్మణరేఖ దగ్గర. మాయలేడి వెంట రాముడు పోయాడు. 'హా లక్ష్మణా' అని అరుపు వినిపించింది. లక్ష్మణుడు బాణంతో గీత గీసి వెళ్లాడు. తెర మీద ఆ గీత అంటుకుని మండింది. బిచ్చానికొచ్చిన రావణుడు అక్కడే ఆగిపోయాడు.

సంస్కృతం చదువుకున్న అయ్యవారు వాల్మీకంలో ఆ గీత లేదంటారు. ఆ మాట నిజమే. వాల్మీకి రామాయణంలో లక్ష్మణుడు సీతను వనదేవతలకు అప్పగించి బరువైన మనసుతో వెళ్తాడు. గీత గీయడు. తులసీదాసు రామచరితమానస్‌లోనూ అరణ్యంలో ఆ ఘట్టం రాదు. చాలా తర్వాత లంకలో మండోదరి భర్తను దెప్పుతూ, లక్ష్మణుడు గీసిన చిన్న గీతనే దాటలేకపోయావు కదా అన్నప్పుడు వస్తుంది.

మరి అవ్వలందరికీ ఆ గీత ఎలా తెలుసు? మన తెలుగు రంగనాథ రామాయణంలో ఉంది కాబట్టి! 13వ శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసిన పుస్తకం అది. ద్విపద అంటే రెండేసి పాదాల నడక. పాడుకోవడానికి, దంచుతూ విసురుతూ చెప్పుకోవడానికి వీలైన నడక. అందుకే పండితుల ఇళ్లు దాటి చదువురాని వాళ్ల నోళ్లలోకి వచ్చింది. రాముడి వారధికి ఇసుక మోసిన ఉడుత వాల్మీకంలో కనబడదు, ఇందులో ఉంది. ఇంద్రజిత్తు భార్య సులోచన కథ కూడా అంతే. సులోచన సీరియల్‌లో కనబడగానే మన వాళ్లు గుర్తుపట్టారంటే కారణం ఇదే.

ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించలేదు. సీరియల్ మొదట్లో వేసే టైటిళ్లలో ఆధార గ్రంథాల పేర్లు వరుసగా వస్తాయి. వాల్మీకి, తులసీదాసుల తర్వాత తమిళ కంబ రామాయణంతో పాటు తెలుగు రంగనాథ రామాయణం పేరు కూడా ఉంటుంది. హిందీ సీరియల్ వెనుక మన ద్విపద కూడా ఒక పుస్తకమన్నమాట! 'ఆ గీత మా అవ్వ చెప్పిన కతలో ఉండాది, హిందీవాళ్లకెట్లా తెలిసెనప్పా' అని ఆశ్చర్యపోయిన వాళ్లకు జవాబు తెర మీదే ఉంది. అది చదివే తీరిక ఎవరికీ లేకపోయింది.

పొరుగింటి పుస్తకం

తగవులో తమిళం వాళ్లు చేరితే రంగు మారేది. గనుల్లో పనికి వచ్చి స్థిరపడిన వాళ్లకు కంబన్ ఉన్నాడు. కంబ రామాయణంలో రావణుడు సీతను తాకనే తాకడు. పర్ణశాలను నేలతో సహా పెకలించి ఎత్తుకుపోతాడు. సీత పవిత్రతకు మచ్చ రాకూడదన్నది కంబన్ ఆలోచన. వాల్మీకంలోనేమో రావణుడు ఆమెను పట్టి రథమెక్కిస్తాడు. 'మీ సీరియల్ తప్పు' అని ఒకరు. 'మీ కంబన్ మార్చినాడు' అని ఇంకొకరు.

చివరికి తేలేదేమిటి? ఎవరి ఇంట్లో విన్న కథ వాళ్లకు సొంతం. అయినా పొరుగింటి కథ ఇంకోలా ఉంటుందని తెలుసుకోవడం కూడా లాభమే. అదే గోడ పక్కన ఏళ్ల తరబడి బతికినా అడగని మాట టీవీ పుణ్యమా అని అడుగుకున్నారు.

ఏ పుస్తకంలో ఏముంది?

* వాల్మీకి రామాయణం: లవకుశుల కథ ఏడోదైన ఉత్తరకాండలో ఉంది. ఆ కాండ తర్వాత చేరిందని చాలామంది పండితుల అభిప్రాయం.
* రామచరితమానస్: ఉత్తరకాండ ఉంది. సీతను అడవికి పంపిన కథ మాత్రం చెప్పలేదు.
* కంబ రామాయణం: పట్టాభిషేకంతో ముగుస్తుంది. ఉత్తరకాండ ఒట్టకూత్తర్ రాశాడని తమిళుల వాడుక.
* రంగనాథ రామాయణం: బుద్ధారెడ్డి యుద్ధకాండతో ఆపాడు. ఆయన కొడుకులు కాచవిభుడు, విఠలరాజు ఉత్తరకాండ చెప్పారు.
* తెలుగులో విడిగా: తిక్కన నిర్వచనోత్తర రామాయణం, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం.

సమ్మె చేసి రప్పించిన కథ

అసలు పెద్ద తగవు సీరియల్ అయిపోయేటప్పుడు వచ్చింది. పట్టాభిషేకంతో కథ ఆపేస్తున్నారని తెలిసింది. లవకుశులు ఏరి? వాల్మీకి ఆశ్రమం ఏది?

1988 ఆగస్టులో పంజాబ్‌లోని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్లు కింద పెట్టేశారు. వాల్మీకి మహర్షిని తమ గురువుగా కొలిచే జనం వాళ్లు. మిగిలిన కథ కూడా చూపించాలన్నది వాళ్ల డిమాండు. సమ్మె ఉత్తరాదిలో మరికొన్ని నగరాలకు పాకింది. వీధుల్లో చెత్త పేరుకుపోయింది. చివరకు ప్రభుత్వం దిగివచ్చింది. సాగర్ చేతే 'ఉత్తర రామాయణ్' తీయించారు. ఆ ఏడాది చివర్లో మొదలై 1989లో ముగిసింది.

టీవీ సీరియల్ కోసం కార్మికులు సమ్మె చేయడం విన్నారా? తమ మహర్షి కథలో రాకముందే కథ అయిపోతే ఎలాగన్నది వాళ్ల బాధ. అది వినోదం సంగతి కాదు. కథలో తమ చోటు సంగతి.

మన బుద్ధారెడ్డి ఇంట్లో జరిగిందీ ఇంచుమించు ఇదే. తండ్రి పట్టాభిషేకం దగ్గర ఆపితే కొడుకులు మిగిలింది పూర్తి చేశారు. ఏడు వందల ఏళ్ల తర్వాత హిందీ సీరియల్ కూడా అక్కడే ఆగి, అక్కడి నుంచే మళ్లీ సాగింది.

పక్కనే ఆవణి!

ఈ తగవు కోలారు జిల్లాకు మరింత దగ్గరిది. ఎందుకంటే ఇక్కడివాళ్లకు లవకుశులు పుట్టింది ఎక్కడో కాదు, ముళబాగిలు తాలూకాలోని ఆవణిలో. వాల్మీకి ఆశ్రమం ఆ కొండ మీదే ఉండేదని, సీతమ్మ అక్కడే పిల్లల్ని కన్నదని, అశ్వమేధ గుర్రాన్ని కట్టేసి తండ్రితో పోరాడింది అక్కడేనని స్థల పురాణం. కొండ మీద సీతమ్మ గుడి ఉంది. కింద నొళంబ రాజుల కాలం నాటి రామలింగేశ్వర ఆలయాల సముదాయం ఉంది. రామేశ్వర, లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వర అని నలుగురన్నదమ్ముల పేర్లతో లింగాలు. పిల్లలతో యుద్ధం చేసిన పాపం పోవడానికి వాళ్లే ప్రతిష్ఠించారని చెబుతారు. శివరాత్రి రోజుల్లో జరిగే జాతరకు ఆంధ్ర వైపు నుంచీ జనం వస్తారు.

వాల్మీకి ఆశ్రమం మాదేనని చెప్పుకునే ఊళ్లు దేశంలో ఇంకా ఉన్నాయి. కాన్పూరు దగ్గరి బిఠూర్ ఉంది. చెన్నై కోయంబేడు గుడికీ లవకుశుల కథ ఉంది. ఏది నిజమని తేల్చడం మన పని కాదు. ఉత్తరకాండ లేకపోతే ఆవణికి కథ లేదన్నది మాత్రం నిజం. జలంధర్ కార్మికులు చీపురు కింద పెట్టి తెచ్చుకున్న సీరియల్‌ను ఇక్కడి జనం 'మన ఊరి కథ' అని చూశారు. తెర మీద కొండ, ఆశ్రమం రాగానే ఆవణి కొండతో పోల్చి చూసుకున్నారు.

మళ్లీ ఆడింది... మళ్లీ తగవు!

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ అదే సీరియల్ మళ్లీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్క భాగాన్నే 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించింది. ఆ వెంటనే ఉత్తర రామాయణం కూడా వచ్చింది. అప్పుడు కిటికీలో నిలబడి చూసిన పిల్లలు ఇప్పుడు తాతలు. ఈసారి పక్కన మనవళ్లు, చేతిలో సెల్‌ఫోన్లు.

తగవు మాత్రం పాతదే. ఆ మాట ఇలా సాగుతుంది...

'తాతా, లక్ష్మణరేఖ ఒరిజినల్‌లో లేదంట. ఫోన్లో వేసినారు.'

'మన రంగనాథంలో ఉండాది నాయనా.'

'ఏదీ, చూపించు.'

తాత అటక మీది పెట్టె దించుతాడు. బట్టలో చుట్టిన పాత పుస్తకం. అట్ట ఊడింది. తాత చూపు ఆనదు. 'నువ్వే చదువప్పా' అని చేతికిస్తాడు. మనవడు ఇటు తిప్పి అటు తిప్పి చూస్తాడు. పొద్దున లేచిన కాడి నుంచీ మాట్లాడేది తెలుగే. కానీ అది చదవడం రాదు. బడిలో నేర్చింది కన్నడం, ఇంగ్లిషు.

తగవు అక్కడ ఆగిపోతుంది. ఎవరూ గెలవరు.

ఇదీ ఇప్పటి అసలు సమస్య. 1987లో తగవు వస్తే తీర్చడానికి వీధికొకరు ఉండేవారు. రాత్రి దీపం పెట్టి ద్విపద చదివేవారు ఒకరు, విని అప్పజెప్పేవారు పదిమంది. ఇప్పుడు కథ టీవీలో ఉంది, ఫోన్లో ఉంది. పుస్తకం అటక మీద ఉంది. రెండింటికీ మధ్య మెట్టు విరిగింది. కన్నడం నేర్వడం తప్పు కాదు. ఉన్న రాష్ట్రం భాష, బతుకు తెరువు భాష. తోరవె రామాయణం, కువెంపు రామాయణ దర్శనం ఉన్న భాష. అది చదివిన పిల్లవాడు అదృష్టవంతుడే. అయితే అవ్వ చెప్పిన కథ ఏ పుస్తకంలోదో తానుగా చూసుకోలేకపోవడం మాత్రం లోటే.

మందు మన దగ్గరే ఉంది. కన్నడ, తెలుగు లిపులు అక్కాచెల్లెళ్లు. చాలా అక్షరాలకు తేడా తలకట్టు దగ్గరే. క, త, శ లాంటి కొన్నిటిని మాత్రం విడిగా దిద్దుకోవాలి. మాట ఎలాగూ వచ్చు కాబట్టి అర్థం కోసం వెతకనక్కర లేదు. కన్నడం బాగా చదివే పిల్లలు వేసవి సెలవుల్లో రోజుకో అరగంట కూర్చుంటే తెలుగు అక్షరం కూడబలుక్కోగలరు. ద్విపద రెండేసి పాదాలే. కూడబలుక్కోవడానికి అంతకంటే సులువైన పుస్తకం ఏముంది?

నేర్పడానికి పెద్ద బడి అవసరం లేదు. చూపు ఆనని తాత, చూపున్న మనవడు చాలు. ఒకరికి పాట వచ్చు, ఒకరికి అక్షరం వస్తుంది. ఈసారి టీవీలో మళ్లీ గీత గీసినప్పుడు 'ఏదీ, చూపించు' అన్న పిల్లవాడే పుట తిప్పి 'ఇదిగో తాతా, ఉండాది' అనాలి.

కుశుడూ లవుడూ చేసింది అదే కదా! పుస్తకం తెలిసిన పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఊరూరా పాడారు. ఆ పాట విన్నాకే తండ్రి వాళ్లను గుర్తుపట్టాడు.