ఆమిష్ వాళ్ల తోట చూడబోయే మనవాళ్లకు

పెరియకుళం, తేని, బోడి వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. కూతురికో కోడలికో పురుడని, మనవళ్లను చూసుకోవాలని పెద్దవాళ్లు వెళ్లి ఐదారు నెలలు ఉండి వస్తారు. నయాగరా, న్యూయార్కు, వాషింగ్టన్ అయిపోయాక, న్యూజెర్సీలో ఉన్న పిల్లలైతే ఒక శనివారం కారెక్కించి పెన్సిల్వేనియాలోని లాంకెస్టర్‌కు తీసుకెళ్తారు. కరెంటూ కారూ లేకుండా బతికే జనం అక్కడున్నారు, చూద్దురు రండి అంటారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పేదీ దాదాపు ఒకటే. గుర్రబ్బళ్లు చూశాం, గడ్డాలవాళ్లను చూశాం, అంతా మన తాతల కాలం లాగే ఉంది అంటారు. ఆ చివరి మాటతోనే నాకు పేచీ. ఆమిష్ వాళ్లు తాతల కాలంలో లేరు. మన కాలంలోనే ఉన్నారు. ఏది తీసుకోవాలో, ఏది వద్దో కూర్చుని తేల్చుకుని మరీ ఉన్నారు. ఆ తేల్చుకోవడం ఎలా జరుగుతుందో తెలియకుండా తోట చూసొస్తే ప్రదర్శన చూసొచ్చినట్టే.

ముందు వీళ్లెవరో తెలియాలి. 16వ శతాబ్దపు యూరపులో కొందరు క్రైస్తవులు, పసిబిడ్డకు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదన్నారు. ఊహ తెలిసినవాడు తనంతట తాను ఒప్పుకుని తీసుకుంటేనే బాప్తిస్మం అన్నారు. ఆయుధం పట్టం, ప్రమాణాలు చెయ్యం అని కూడా అన్నారు. రాజులకు కోపం వచ్చింది, చర్చిలకూ వచ్చింది. నీళ్లలో ముంచి, మంటల్లో వేసి వందలమందిని చంపారు. మిగిలినవాళ్లలో మెన్నొనైట్లు ఒక శాఖ. ఆ శాఖలో కట్టుబాట్లు సడలిపోతున్నాయని, వెలి వేసినవాడితో పంక్తిభోజనం కూడా పనికిరాదని 1693లో పట్టుబట్టి విడిపోయిన పెద్ద యాకోబ్ అమ్మన్. ఆయన పేరు మీదే ఆమిష్ అయ్యారు. 18వ శతాబ్దంలో ఓడలెక్కి పెన్సిల్వేనియా చేరడం మొదలుపెట్టారు. పుట్టిన యూరపులో ఇప్పుడు వాళ్లు లేరు. జర్మనీలో ఇక్స్‌హైమ్ ఊళ్లోని ఆఖరి సంఘం 1937లో మెన్నొనైట్లలో కలిసిపోయింది. అమెరికాలో మాత్రం 1900 నాటికి సుమారు 5,000 ఉన్నవాళ్లు ఇప్పుడు 4 లక్షలయ్యారు. మతం మార్చి ఎవరినీ కలుపుకోరు. ఇంటికి ఆరేడుగురు పిల్లలు, ఆ పిల్లల్లో నూటికి 85 మందికి పైగా పెద్దయ్యాక సంఘంలోనే చేరతారు. అదీ లెక్క.

ఆ ఇళ్లలో బైబిలు పక్కన ఇంకో లావుపాటి పుస్తకం కనిపిస్తుంది. పేరు మార్టిర్స్ మిర్రర్, 1660లో హాలండులో అచ్చయింది, విశ్వాసం కోసం చచ్చిపోయినవాళ్ల చరిత్ర. అందులో డర్క్ విల్లెమ్స్ కథ ఆమిష్ పిల్లలందరికీ తెలుసు. జైలు నుంచి తప్పించుకుని గడ్డకట్టిన నీళ్ల మీదుగా పరుగెత్తాడు. తరుముకొస్తున్న భటుడి కింద మంచు విరిగి వాడు మునిగిపోతుంటే, విల్లెమ్స్ వెనక్కి తిరిగొచ్చి చెయ్యిచ్చి లాగాడు. గట్టెక్కినవాడి చేతికే చిక్కాడు. 1569 మే 16న కాల్చేశారు.

నీళ్లు దాటిన కథ మనవైపు తెలుగు మాట్లాడే కంబళత్తార్ల కులంలోనూ ఉంది. ఉత్తరాన ముసల్మాను ప్రభువు ఒకడు తమ పిల్లనిమ్మని బలవంతం చేస్తే రాత్రికి రాత్రి ఊరొదిలేశామని, దారిలో నది అడ్డమొస్తే రెండు గట్ల మీది కానుగ చెట్లూ వంగి వంతెనయ్యాయని చెప్పుకుంటారు. అందుకే కానుగ వాళ్లకు పూజ్యం. మన కథలో చెట్లు దాటించాయి, దాటినవాళ్లు మళ్లీ వెనక్కి చూడలేదు. వాళ్ల కథలో దాటినవాడు వెనక్కి తిరిగాడు. ఆ వెనక్కి తిరగడం ఉత్త కథ కాదని లోకానికి తెలిసింది 2006 అక్టోబర్ 2న. లాంకెస్టర్ జిల్లా నికెల్ మైన్స్‌లో ఒకడు ఆమిష్ బడిలోకి తుపాకితో వచ్చి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు, ఐదుగురు చనిపోయారు, తనూ కాల్చుకున్నాడు. ఆ రోజే ఆమిష్ వాళ్లు కొందరు హంతకుడి భార్యాబిడ్డల దగ్గరకు వెళ్లి, మీ మీద మాకు పగ లేదని చెప్పి వచ్చారు. వాడి అంత్యక్రియలకూ వెళ్లారు. తోట చూపించే ఏ గైడూ దీన్ని చూపించలేడు.

ఇక తోట సంగతి. లాంకెస్టర్‌కు తూర్పున రూట్ 30 మీద ‘ఆమిష్ ఫార్మ్ అండ్ హౌస్’ 1955 నుంచి నడుస్తోంది. 1805లో కట్టిన ఇల్లు, పశువుల కొట్టం, మేకలు, కోళ్లు, ఒంటిగది బడి ఉంటాయి. చుట్టూ షాపింగ్ సెంటర్లు. మొదటే గుర్తుంచుకోవాల్సిందేమంటే, ఆ ఇంట్లో ఎవరూ కాపురం ఉండరు. టికెట్ తీసుకున్నవాళ్లకు వివరించడానికి ఉంచిన ఇల్లది. అసలు ఆమిష్ వాళ్లు చుట్టుపక్కల పొలాల్లో వాళ్ల పని వాళ్లు చేసుకుంటూ ఉంటారు. వాళ్లు వేదికెక్కరు.

లోపల ముందుగదిలో వీపు ఆనించుకోవడానికి లేని బల్లలు వరసగా వేసి ఉంటాయి. ఆమిష్ వాళ్లకు చర్చి భవనం లేదు. రెండు వారాలకోసారి ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన, బల్లలు బండిలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతుంటాయి. ప్రార్థన మూడు గంటలు. పాటలు వాద్యం లేకుండా, సాగదీసి సాగదీసి పాడతారు. ఒక్క పాటే ఇరవై నిమిషాలు పట్టడం మామూలు. ఒక ఇంట్లో పట్టేంతమందే ఒక సంఘం, పాతిక నుంచి నలభై కుటుంబాల దాకా. ఎక్కువైతే రెండుగా చీల్చుకుంటారు. చూడటానికి చిన్న సంగతి, కానీ ఊళ్లో ప్రతివాడికీ ప్రతివాడూ తెలిసి ఉండటం దీనివల్లే సాధ్యం.

గోడ మేకులకు బట్టలు. ఆడవాళ్ల గౌన్లకు గుండీలుండవు, గుండుసూదులు పెట్టుకుంటారు. మగవాళ్ల పండగ కోటుకు కొక్కేలు. పెళ్లయ్యాక గడ్డం పెంచుతారు, మీసం మాత్రం గీసేస్తారు, ఒకప్పుడు సైనికులు మీసాలు దువ్వేవాళ్లు కాబట్టి. వంటింట్లోకి వెళ్తే మనవాళ్లు కంగుతింటారు. ఫ్రిజ్ ఉంటుంది, స్టవ్ ఉంటుంది, రెండూ గ్యాసుతో నడుస్తాయి. మిక్సీ కూడా ఉండొచ్చు, గాలి ఒత్తిడితో తిరిగేది. దీపం చక్రాల బీరువా మీద ఉంటుంది, లోపల గ్యాసు సిలిండరు. ఈ మధ్య బ్యాటరీ దీపాలూ వచ్చాయి. అక్కడ మనవాళ్లు తప్పకుండా అడుగుతారు, మరి ఇదంతా కరెంటు కాక ఏమిటని.

జవాబు వద్దన్న వస్తువుల్లో వెతికితే దొరకదు. లాంకెస్టర్ ఆమిష్ వాళ్లు 1920 ప్రాంతంలో వద్దనుకున్నది వీధి స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే తీగను. తీగ వస్తే దాని వెనకే రేడియో వస్తుంది, తర్వాత వచ్చేవన్నీ వస్తాయి. ఏది ఎప్పుడు లోపలికి రావాలో చెప్పే అధికారం ఇంటి చేతిలోంచి జారిపోతుంది. బ్యాటరీ అయితే ఎంత, దేనికి అన్నది మన చేతిలో ఉంటుంది. కారూ అంతే. కారెక్కడం తప్పు కాదు, సొంతంగా ఉండటం తప్పు. అద్దె కార్లో ఆసుపత్రికి పోతారు. సొంత కారుంటే కుర్రాడు సాయంత్రానికి యాభై మైళ్లు పోతాడు, పక్కింటివాడితో పని ఉండదు. సైకిలు కూడా దూరం తీసుకెళ్తుందని లాంకెస్టర్‌లో వద్దన్నారు. పిల్లలూ పెద్దలూ కాలితో తన్నుతూ పోయే స్కూటర్ల మీద బడికీ పనికీ వెళ్తుంటే రోడ్డు మీద చూస్తారు. ట్రాక్టరును కొట్టం దగ్గర ఇంజనులా వాడతారు, దుక్కికి మాత్రం గుర్రాలే. దుక్కికి ట్రాక్టరొస్తే పొలం పెద్దది కావాలి, కూలీలూ అన్నదమ్ములూ అక్కర్లేకపోతారు.

ఇది సులువుగా అర్థం కావాలంటే పాల కథ చూడాలి. మన పాల సొసైటీలకు పాలు పోసేవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. 1960ల చివర పాల కంపెనీలు ఇక క్యాన్లలో పాలు తీసుకోం అన్నాయి. పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు పెట్టుకుంటేనే కొంటామన్నాయి. చల్లబరచాలంటే కరెంటు, మీగడ తేలకుండా కలపాలన్నా కరెంటు. వద్దంటే పాడి పోతుంది, పాడి పోతే పొలం పోతుంది, మగవాళ్లు ఫ్యాక్టరీలకు పోతారు. సరేనంటే తీగ ఇంట్లోకి వచ్చినట్టే. బిషప్పులు కంపెనీల వాళ్లతో కూర్చుని ఒక దారి తీశారు. ట్యాంకు పెట్టుకుంటారు, డీజిల్ ఇంజనుతో చల్లబరుస్తారు, కలిపే గరిటెను 12 వోల్టుల బ్యాటరీ తిప్పుతుంది. పాల లారీ మాత్రం ఆదివారం రాకూడదు. కంపెనీలు ఒప్పుకున్నాయి. ఎంతవరకు దిగాలో, ఎక్కడ ఆగాలో ఇంత స్పష్టంగా గీత గీసుకున్న బేరం మన రైతు సంఘాల్లో కూడా నేను ఎక్కువ చూడలేదు.

ఈ గీతలు గీసేదెవరు? ప్రతి సంఘానికీ కట్టుబాట్లున్నాయి, ఓర్డ్‌నుంగ్ అంటారు. చాలావరకు కాగితం మీద ఉండవు, నోటి మీద ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు, ప్రభురాత్రి భోజనానికి ముందు, అందరూ కూర్చుని వాటిని తలుచుకుంటారు. ఒప్పుదల కుదరకపోతే ఆ పవిత్ర భోజనమే వాయిదా పడుతుంది. బోధకుణ్ణి చీటీ తీసి ఎంచుతారు. అర్హులనుకున్నవాళ్ల ముందు పాటల పుస్తకాలు పెడతారు, ఒకదానిలో బైబిలు వాక్యం రాసిన చీటీ ఉంటుంది, అది ఎవరి చేతికొస్తే బతికినంతకాలం ఆ భారం వాడిది. జీతం లేదు. చాలామంది ఏడుస్తారట.

కంబళత్తార్ల పంచాయితీ గురించి 1906 నాటి మదురై గెజిటీరులో ఒక వివరం ఉంది. కంబళి పరిచి, దాని మీద ఇత్తడి చెంబులో నీళ్లు, వేపాకు, పూలు పెట్టి, దేవత సాక్షిగా కూర్చునేవాళ్లట. మదురైని ఏలిన విశ్వనాథ నాయకుడి కాలం నుంచి మదురై పాళయాల్లో స్థిరపడ్డవాళ్లు ఇన్నాళ్లు తమ పద్ధతులు, తమ తెలుగు నిలబెట్టుకున్నారంటే ఆ కంబళికి అందులో వాటా ఉంది. కాకపోతే దాన్ని ఆమిష్ సభతో ఒకే తక్కెడలో పెట్టకూడదు. అది కులం, ఇది మతం. ఆమిష్ బిడ్డ పదహారేళ్లకు లోకం చూసి, ఇరవై దగ్గర తానే చేరతానో వెళ్తానో చెప్తాడు. చెప్పే వీలు మనవైపు పుట్టిన పిల్లకు ఏ పంచాయితీ ఇచ్చింది? ఆమిష్ స్వేచ్ఛకూ ఒక హద్దుంది. బాప్తిస్మం తీసుకున్నాక బయటికి పోతే కన్నతల్లి కూడా పక్కన కూర్చుని అన్నం తినదు.

బడి విషయం గైడ్లు తప్పక చెప్తారు. ఆమిష్ పిల్లలు ఎనిమిదో తరగతితో ఆపేస్తారు. పైచదువు కోసం హైస్కూలుకు పంపాలన్న విస్కాన్సిన్ చట్టాన్ని కాదన్న తండ్రుల పక్షాన 1972లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు తండ్రుల హక్కు కాపాడింది, కూతురు డాక్టరు కావాలనుకుంటే ఏమిటన్న ప్రశ్నను అలాగే వదిలేసింది. నాకు ఆ తీర్పు పూర్తిగా మింగుడుపడదు. ఆ ఒంటిగది బడుల భాష మాత్రం మనకు దగ్గర సంగతి. ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ మాండలికం, బడిలో ఇంగ్లీషు, ప్రార్థనలో పాత జర్మన్. ఇంటిమాటకు బడి లేదు, అయినా మూడు వందల ఏళ్లుగా చావలేదు. వంటిల్లు, పొలం, పెళ్లిపందిరి అన్నీ దానిలోనే నడుస్తాయి కాబట్టి.

పెరియకుళంలో తెలుగు కూడా బడి లేకుండానే బతికింది. అదీ ఒక్క కులంలో కాదు. కమ్మవారు, బలిజలు, కంబళత్తార్లు, అరుంధతీయులు, ఎవరి వీధిలో వాళ్ల తెలుగు. బయట అంతా తమిళం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. తెలుగు లిపి అంతకుముందే చాలా ఇళ్లలో పోయింది. ఈ వ్యాసాన్ని కూడా మనవైపు చదవగలిగేవాళ్లకన్నా చదివించుకుని వినేవాళ్లే ఎక్కువ ఉంటారు. తేడా ఏమిటంటే, ఆమిష్ వాళ్లకు ఆ మాట పోతే సంఘం పోతుంది, మనకు మాట పోయినా కులం అలాగే ఉంటుంది. అందుకే మనది ముందు పోతోంది.

ప్రదర్శన అన్నది మనకూ కొత్త కాదు. చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర 1996లో తెరిచారు. కొయ్యలగూడెం నేతవాళ్ల ఇల్లు, విశాఖ వైపు హరిపురం నుంచి గుండ్రటి చుట్టిల్లు అక్కడ చూడొచ్చు. అమెరికా వీసా రానివాళ్లు ముందు అక్కడికి వెళ్లండి. ఇళ్లు అసలువే, కాపురాలే లేవు. కంబళత్తార్ల దేవరాట్టం ఒకప్పుడు ఉరుమి మోగితే సొంత వేడుకల్లో మాత్రమే ఆడేవాళ్లు, ఇప్పుడు బడి పిల్లలందరూ వేదికల మీద ఆడుతున్నారు. మంచిదే. ఆమిష్ వాళ్లు మాత్రం అలా ఇవ్వరు. అతుకుల బొంతలు, కుర్చీలు, జామ్ సీసాలు అమ్ముతారు, పాటను అమ్మరు.

వెళ్లేటప్పుడు పనికొచ్చే మాటలు కొన్ని. ముఖం కనిపించేలా ఫోటో తీయకండి. విగ్రహం చేయకూడదన్న బైబిలు ఆజ్ఞ ఒక కారణం, గర్వం రాకూడదన్నది ఇంకో కారణం. బొమ్మలకు కూడా కొన్ని ఇళ్లలో ముఖం కుట్టరు. లాంకెస్టర్ బండ్లు బూడిదరంగువి, ఒహాయోలో నల్లవి, ఒక సంఘంలో తప్పయినది పక్క సంఘంలో ఒప్పు కావచ్చు. కాబట్టి ఆమిష్ వాళ్లంతా ఇంతేనా అని గైడును అడగకండి, ఈ సంఘంలో దీన్ని ఎప్పుడు ఒప్పుకున్నారు, ఎందుకు అని అడగండి. పిల్లలతో, రూట్ 30 వదిలి పల్లె దారుల్లో నెమ్మదిగా పోనివ్వమని చెప్పండి, ముందు నారింజరంగు ముక్కోణం కనిపిస్తే అది బండి. గేటు దగ్గర బల్ల మీద గుమ్మడికాయలు, కోడిగుడ్లు, రాసిన ధర, పక్కన డబ్బుల పెట్టె ఉంటాయి. కార్డు పనిచేయదు, చిల్లర ఉంచుకోండి. ఆదివారం వెళ్తే ఏమీ అమ్మరు.