తలుపుకి అంటించిన కాగితం

"పిన్నీ, నాకు విడాకులు అయిపోయాయట!"

కిందటేడు ఓ ఆదివారం పొద్దున్న మా ఎదురింటి అమ్మాయి చంకలో పాపతో వచ్చి అన్న మాట ఇది. మా భీమిలిలో కబుర్లకి కొదవ లేదు గానీ, తన విడాకుల సంగతి తానే ఊళ్లోవాళ్ల నోట వినడం నేనెప్పుడూ ఎరగను. అల్లుడికి మళ్లీ సంబంధాలు చూస్తున్నారని పెళ్లిళ్ల పేరయ్య ఒకాయన వాళ్ల మేనమామ చెవిన వేశాడు. ఆరా తీస్తే, కోర్టు డిక్రీ ఇచ్చి అప్పటికే ఏడు నెలలైందని తేలింది.

గోదావరి జిల్లాలో కాపురం. ఏడో నెలలో పురిటికని పుట్టింటికి వచ్చింది. పాప పుట్టింది, బారసాల అయింది, అన్నప్రాసనా అయింది. తీసుకెళ్లడానికి అతను రాలేదు. "ఇవాళ కాకపోతే రేపు వస్తాడ్లే" అనుకుంటూనే రోజులు గడిపారు.

ప్లీడరు గారిని పెట్టుకుని, కోర్టులో ఫైలు కాపీ తీయించాం. అందులో అమ్మాయి అడ్రసు దగ్గర కాపురమున్న అద్దె ఇంటి నెంబరే ఉంది. రిజిస్టర్డ్ కవరు ఆ ఇంటికి వెళ్లి తిరిగొచ్చింది. కోర్టు బంట్రోతు వెళ్లి, 'తలుపు తాళం వేసి ఉంది, సమన్లు తలుపుకి అంటించాను' అని రాసుకొచ్చాడు. ఆ తర్వాత ఓ చిన్న పత్రికలో ప్రకటన. ఆ పత్రిక మా ఊళ్లో ఏ కిల్లీకొట్లోనూ దొరకదు. పిలుపు పిలిచారు, అమ్మాయి రాలేదు, ఏకపక్షంగా డిక్రీ!

"పిల్ల ఇక్కడుంటే అక్కడ తలుపుకి కాయితం అంటించేత్తే ఎవులు సూత్తారమ్మా?" అని వాళ్లమ్మ ఒకటే ఏడుపు.

ఆవిడ అడిగిన ప్రశ్నే చట్టమూ అడుగుతుందట. ప్లీడరు గారు సివిల్ ప్రొసీజర్ కోడ్ తీసి చూపించారు. మనిషి ఇంట్లో లేకపోతే, ఆ ఇంట్లోనే కలిసుండే పెద్దవాళ్లు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, సమన్లు తీసుకోవచ్చు. పనిమనిషికి ఇస్తే మాత్రం ఇచ్చినట్టు కాదు. తలుపుకి అంటించాలంటే ముందు మనిషి కోసం గట్టిగా ప్రయత్నించాలి. అంటించేది ఆ మనిషి మామూలుగా ఉండే ఇంటికే. ఏ పరిస్థితుల్లో అంటించాడో, ఆ ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో బంట్రోతు రాసివ్వాలి. మా ఫైల్లో ఆ పేర్ల జాగా ఖాళీ.

అమ్మయ్య, గెలిచినట్టే అనుకున్నాను. ప్లీడరు గారు కళ్లజోడు తీసి, అమ్మాయి వైపు తిరిగి, "నిజం చెప్పమ్మా, వాయిదా తేదీ నీకు ముందే తెలుసా?" అన్నారు. సమన్లు అందించడంలో ఏదో లోపం ఉన్నంత మాత్రాన డిక్రీ కొట్టెయ్యరట. వాయిదా సంగతి తెలిసి, వచ్చేంత వ్యవధి ఉండి కూడా రాలేదని కోర్టు నమ్మితే ఇక అంతే. 1976 సవరణతో వచ్చిన మెలిక ఇది.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. "ఓసారి ఫోన్లో 'కోర్టుకెళ్తున్నాను, చూసుకో' అన్నారండీ. బెదిరిస్తున్నారనుకున్నాను. ఏ కోర్టో, ఏ తేదీనో చెప్పలేదు" అంది. అవతలి ప్లీడరు పట్టుకున్నదీ ఆ ఫోను మాటనే. ఆమెకి అన్నీ తెలుసు, కావాలనే రాలేదని వాదించారు.

ఇక్కడ మన ఇళ్లల్లో జరిగే ఓ పొరపాటు చెప్పాలి. "ఆ కవరు తీసుకోకే, తీసుకుంటే ఒప్పుకున్నట్టే" అని పెద్దవాళ్లు చెబుతుంటారు. మా చుట్టాల్లో ఒకావిడ అలాగే పోస్ట్‌మాన్‌ని తిప్పి పంపేసింది. కవరు మీద అతను 'నిరాకరించారు' అని రాశాడు. కోర్టు దాన్ని అందినట్టే లెక్కగట్టింది. కవరు తీసుకోవడమంటే విడాకులకి ఒప్పుకోవడం కాదు, ఏ కోర్టులో ఏ రోజు హాజరవ్వాలో తెలుసుకోవడం, అంతే. ఇప్పుడా పాత రిజిస్టర్డ్ పోస్టు లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కవరు రంగు మారినా ఈ సంగతి మారదు.

కాగితం చేతికి అందినా సరిపోని సందర్భం కూడా ఉంది, అదీ మన తెలుగువాళ్ల కేసే. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త ముందు తిరుపతి కోర్టులో విడాకులకి వేసి, తర్వాత అమెరికాలోని మిస్సోరీ కోర్టులో వేసి, 1980లో డిక్రీ తెచ్చుకుని, మరుసటేడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అక్కడి కోర్టుకి అభ్యంతరం రాసి పంపిందే గానీ ఆ ఇల్లాలు వెళ్లలేదు. ఆవిడ రెండో పెళ్లి నేరమని కేసు పెడితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991 జులై 9న తీర్పు వచ్చింది. సమన్లు అందాయా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆమె అంత దూరం వెళ్లి నిజంగా తన వాదన వినిపించుకోగలదా అన్నది చూడాలి, అవసరమైతే ప్రయాణానికి, బసకి, వకీలుకి ఖర్చులిప్పించాలి అన్నారు జడ్జిలు. అమెరికా సంబంధాలు వెతికే విశాఖ తల్లులు ఈ కేసు గురించి తెలుసుకోవాలని నాకనిపిస్తుంది.

మా అమ్మాయి సంగతికొస్తే, డిక్రీ రద్దుకి ఆ కోర్టులోనే అర్జీ పెట్టాలి, ముప్పై రోజులే గడువు. ఏడు నెలలైపోయింది కదా అని మా గుండెలు జారిపోయాయి. కానీ సమన్లు సరిగా అందనప్పుడు ఆ రోజులు డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి లెక్క. పేపరు ప్రకటనని కూడా ఆ లెక్కలో సరిగా అందినట్టు చూడరు. ఇరవై మూడో రోజున అర్జీ దాఖలు చేశాం.

ఇక రుజువు కావాలి కదా! ఆసుపత్రి టీకాల కార్డు ఉంది, తేదీలన్నీ భీమిలివే. దాంతో ఆమె ఇక్కడుందని తేలుతుంది. అది అతనికి తెలుసని ఎలా తేలుతుంది? అప్పుడు వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లి, పోపుడబ్బాల కింద పరిచిన ఓ అట్టకవరు దులుపుకుంటూ తెచ్చింది. బారసాలకి అల్లుడు పాపకి వెండి మొలతాడు పంపిన కొరియర్ కవరది. పసుపు మరకల మధ్య భీమిలి అడ్రసు, అతని చేతిరాతే! పిటిషను వేయడానికి రెండు నెలల ముందు తేదీ.

బంట్రోతుని సాక్షిగా పిలిచారు. ఆ ఇల్లు ఎవరు చూపించారని అడిగితే గుర్తులేదన్నాడు. అమ్మాయి బోనెక్కి ఫోను మాట దాచకుండా చెప్పేసింది. ఆరు వాయిదాల తర్వాత డిక్రీ రద్దయింది.

రద్దయిందంటే కాపురం నిలబడ్డట్టు కాదు, కేసు మళ్లీ మొదటికొచ్చిందన్నమాట. ఈసారి ఆమె మాట కూడా వింటారు. కేసు నడిచినన్నాళ్లూ భరణం, ఖర్చులు ఇప్పించమని హిందూ వివాహ చట్టం ఇరవై నాలుగో సెక్షన్ కింద అడిగింది. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉందని ఆలస్యంగా తెలిసింది, ఇప్పుడు ఆ ప్లీడరే చూస్తున్నారు. కేసుని విశాఖ ఫ్యామిలీ కోర్టుకి మార్చమని హైకోర్టులో వేశారు.

అది తేలేదాకా గోదావరి ప్రయాణం తప్పదు. మొన్న వాయిదాకి తెల్లారకుండానే 900కె బస్సు ఎక్కింది. పాప మా ఇంట్లోనే ఉంది. "ఆ కొరియర్ కవరు తిరిగివ్వమని అడగవే, డబ్బాల కింద వేసుకుంటాను" అని వాళ్లమ్మ గుమ్మంలోంచి కేకేసింది.